కొప్పెన్‌బెర్గ్ రాళ్ల మీద ఈస్టర్ సెలవులు

బెల్జియంలో టూర్ ఆఫ్ ఫ్లాండర్స్ అనే సైకిల్ పందెం ఆదివారం జరుగుతుంది. దానికి ముందురోజు శనివారం అవే కొండలు, అవే రాళ్లబాటలు మామూలు జనానివి. పేరు నమోదు చేసుకుని రుసుము కట్టిన వాళ్లెవరైనా తొక్కవచ్చు. దాదాపు 16,000 మంది దిగుతారు. ప్రపంచ చాంపియన్ రేపు ఊపిరి బిగబట్టి ఎక్కబోయే రాయి మీద ఈరోజు మన చక్రం దొర్లుతుంది. ఇంకే ఆటలోనూ చూసేవాళ్లకు ఇంత చనువు ఇవ్వరు. నాకు ఈ పందెం మీద అంత ప్రేమ ఉండడానికి సగం కారణం అదే.

2024లో ఈస్టరూ, ఫ్లాండర్స్ పందెమూ మార్చి 31న, ఒకే ఆదివారం పడ్డాయి. ఇంగ్లండ్‌లో గుడ్‌ఫ్రైడే, ఈస్టర్ మండే రెండూ సెలవులే. లండన్‌కు నైరుతి వైపు, థేమ్స్ ఒడ్డున ఉండే చిన్న సైకిల్ క్లబ్బు మాది. శరదృతువులోనే మా రైడ్ కెప్టెన్ క్యాలెండర్ చూసి, "ఈసారి కాకపోతే ఇంకెప్పుడూ కాదు" అని తేల్చేశాడు. పద్నాలుగు మందిమి పేర్లిచ్చాం.

అందులో నాదీ, నేను తమ్ముడు అని పిలిచే గుంటూరు కుర్రాడిదీ ఇండియన్ పాస్‌పోర్టులు. మిగతా వాళ్లు సామాన్లు సర్దుకుంటే చాలు, మాకు షెంగెన్ వీసా కావాలి. దీన్ని గురించి ఒక మాట చెప్పాలి, ఇంగ్లండ్‌లో ఉన్న మన వాళ్లకు పనికొస్తుంది. యూరప్‌లో అడుగుపెట్టేది ఫ్రాన్స్‌లోనే అయినా, రాత్రులు గడిపేది బెల్జియంలో కాబట్టి వీసా బెల్జియం నుంచే తీసుకోవాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచీ దరఖాస్తు చేసుకోవచ్చు. కనీసం 30,000 యూరోల వైద్య బీమా ఉండాలి. సైకిల్ ఈవెంటు నమోదు రసీదు, బస బుకింగు, ఉద్యోగం ఇచ్చిన వాళ్ల లేఖ, అన్నీ జతచేశాం. అపాయింట్‌మెంటు దొరకడమే అన్నిటికన్నా కష్టం. తమ్ముడు తెల్లవారుజామున లేచి వెబ్‌సైటు ముందు కూర్చుని ఇద్దరికీ పట్టాడు.

శీతాకాలమంతా సర్రేలోని బాక్స్ హిల్ ఎక్కాం. 2012 లండన్ ఒలింపిక్స్ రోడ్డు రేసు సాగిన గుట్ట అది. బాగుంటుంది, కానీ నున్నటి తారు. ఈ పందెం గుట్టల కథ వేరు. ఎత్తు చూస్తే ఏదీ 200 మీటర్లు దాటదు. పొడవు చూస్తే చాలావరకు కిలోమీటరు లోపే. అయినా గోడలా నిలబడతాయి, పైగా నేలంతా రాళ్లు. ఆ రాళ్లకు తగ్గట్టు బాక్స్ హిల్ మనల్ని తయారుచెయ్యలేదు. కెప్టెన్ చెప్పినట్టు టైర్లు 32 మిల్లీమీటర్లవి వేసుకున్నాం, హ్యాండిల్‌కు రెండు పొరలు టేపు చుట్టుకున్నాం, వెనక చక్రానికుండే పళ్లచక్రాల వరసలో (క్యాసెట్) 34 పళ్ల గేర్ పెట్టుకున్నాం.

శుక్రవారం, మార్చి 29

తెల్లవారకముందే రెండు వ్యాన్లలో బయల్దేరాం. సైకిళ్ల ముందు చక్రాలు ఊడదీసి, ఫ్రేముకూ ఫ్రేముకూ మధ్య పాత దుప్పట్లు దూర్చి కట్టాం. గుడ్‌ఫ్రైడే కదా, ఫోక్‌స్టన్ దగ్గర కార్లు బారులు తీరి ఉన్నాయి. ఫ్రెంచి పోలీసులు ఇంగ్లండ్ గడ్డ మీదే పాస్‌పోర్టు చూసి ముద్ర వేశారు. ఆ తర్వాత వ్యాను నేరుగా రైలు పెట్టెలోకి ఎక్కుతుంది. ఇంజిన్ ఆపుకుని సీట్లోనే కూర్చోవాలి. సముద్రం అడుగున 50 కిలోమీటర్ల సొరంగం 35 నిమిషాల్లో అయిపోయింది. కలే దగ్గర పైకి తేలేసరికి గడియారం గంట ముందుకు జరిగింది, మేం రోడ్డుకు కుడివైపుకు జరిగాం.

డంకర్క్, లిల్ దాటి కోర్ట్రైక్ మీదుగా ఔడెనార్డె చేరుకున్నాం. షెల్ట్ నది ఒడ్డున చిన్న ఊరు. చౌకు మధ్యలో పదహారో శతాబ్దపు టౌన్‌హాలు, రాతి మీద లేసు అల్లినంత నాజూకు పని. 2012 నుంచి పందెం ముగిసేది ఈ ఊళ్లోనే. ఆ వారాంతం ప్రతి కిటికీకీ పసుపు జెండా, దాని మీద నల్ల సింహం. పచారీ కొట్టు అద్దాల మీద కూడా సైకిల్ వీరుల బొమ్మలే.

ఊరంతా ఉత్సాహంగా ఉన్నా, ఎవర్ని కదిలించినా ఒక దిగులు బయటపడేది. రెండు రోజుల కిందటే, బుధవారం జరిగిన ఇంకో పందెంలో వౌట్ వాన్ ఆర్ట్ పడిపోయాడు. కాలర్‌బోనూ, పక్కటెముకలూ విరిగాయి. బెల్జియం ఆశలన్నీ మోస్తున్న మనిషి. మేం దిగిన ఫామ్‌హౌస్ యజమానురాలు తాళాలు ఇస్తూ, వంటగది చూపిస్తూ, చెత్తబుట్టలు ఎక్కడో చెబుతూ మధ్యమధ్యలో "పాపం వౌట్" అంటూనే ఉంది. ఇంట్లో కుర్రాడికి దెబ్బ తగిలినట్టే మాట్లాడింది.

చౌకులోనే ఈ పందెం మ్యూజియం ఉంది. మాలో అందరూ చూడాలన్నారు, చూశాం. కారెల్ వాన్ వైనెండాలె అనే క్రీడా విలేఖరి, తన పత్రిక పేరు జనంలోకి వెళ్లాలని 1913లో ఈ పందెం మొదలుపెట్టాడు. ఆ ఏడాది పాల్ డెమాన్ గెలిచాడు. అప్పటి సైకిళ్లకు గేర్లు మార్చే సదుపాయం లేదు. పంక్చరైతే మనిషి తనే బాగుచేసుకోవాలి, అందుకే టైర్లు భుజాల చుట్టూ చుట్టుకుని తొక్కేవాళ్లు. పాత ఫోటోల్లో వాళ్ల మొహాల మీద బురద తప్ప ఇంకేమీ కనపడదు. తమ్ముడు ఒక ఫోటో ముందు చాలాసేపు నిలబడిపోయాడు.

"అక్కా, వీళ్లు మూడొందల కిలోమీటర్లు ఈ బండి మీద తొక్కారా?"

"తొక్కారు నాయనా. మనం అందులో సగం కూడా తొక్కం, పద."

సాయంత్రం బంగాళాదుంప వేపుడు కోసం ఫ్రిటూర్‌కు, అంటే అది అమ్మే కొట్టుకు వెళ్లాం. బెల్జియం వాళ్లు ముక్కల్ని రెండుసార్లు వేయిస్తారు, ఆ రుచి ఇంకెక్కడా రాదు. అయితే మన వాళ్లు ఒకటి తెలుసుకోవాలి. పాత పద్ధతి ప్రకారం వేయించేది గొడ్డు కొవ్వులో. తమ్ముడు శాకాహారి, నేనూ గొడ్డుమాంసం తినను. అడిగితే మొహమాటం లేకుండా చెబుతారు. మొదటి కొట్టులో కొవ్వే అన్నారు. ఇంకో వీధిలో నూనెతో వేయించే చోటు ఉందని వాళ్లే దారి చూపించారు. పొట్లం వేడివేడిగా పట్టుకుని చౌకులో మెట్ల మీద కూర్చుని తిన్నాం.

రాత్రి పడుకోబోయే ముందు అందరం టైర్లలో గాలి తగ్గించుకున్నాం. మామూలు రోడ్డుకు కొట్టే గాలి రాళ్ల మీద పనికిరాదు, చక్రం ఎగిరెగిరి పడుతుంది. మరీ తగ్గిస్తే రిమ్ము రాయికి కొట్టుకుంటుంది. కెప్టెన్ ఒక్కొక్కరి బరువు అడిగి, టైరు నొక్కి చూసి, గేజి పెట్టి సరిచేశాడు.

శనివారం, మార్చి 30

శనివారం రకరకాల దూరాల్లో ఒకటి ఎంచుకోవచ్చు. అన్నిటికన్నా పెద్దది తొక్కేవాళ్లు చీకటితోనే బయల్దేరతారు. మేం ఎంచుకున్నది మధ్యరకం, వంద దాటిన దూరం, ఔడెనార్డెలో మొదలై ఔడెనార్డెలోనే ముగిసేది. అసలైన గుట్టలన్నీ అందులోనే వస్తాయి.

మా క్లబ్బు పద్ధతి గురించి కొంచెం చెప్పాలి. జంటలుగా తొక్కుతాం. ముందున్న వాళ్లు గాలిని చీలుస్తారు, వెనకున్న వాళ్లకు శ్రమ బాగా తగ్గుతుంది. కాసేపటికి ముందు జంట పక్కకు తప్పుకుని వెనక్కి వస్తుంది. గుంట వస్తే చెయ్యి కిందకి చూపిస్తాం, కారు వస్తే కేకేస్తాం, ఆ సైగ చివరి మనిషి దాకా అందాలి. గుట్ట మీద ఎవరి వేగం వాళ్లది. పైన మాత్రం ఆఖరి మనిషి వచ్చేదాకా అందరూ ఆగాల్సిందే. వదిలేసి పోవడం లేదు. వేగం పెంచుకోవాలనుకునే వాళ్లకు వేరే క్లబ్బులున్నాయి.

వోల్వెన్‌బెర్గ్ ఎక్కి దిగాక కెర్క్‌గాటె వచ్చింది. గుట్ట కాదు, చదునైన రాళ్లబాట. ఆ పద్ధతులన్నీ అక్కడ చెల్లవని మొదటి పది మీటర్లలోనే తెలిసిపోయింది. సైగ చెయ్యడానికి హ్యాండిల్ మీంచి చెయ్యి తీసే పరిస్థితి లేదు. ముందు మనిషి చక్రానికి దగ్గరగా ఉంటే కింద రాయి కనపడదు. కాబట్టి దూరం జరగాలి, దూరం జరిగితే గాలి చాటు పోతుంది. మిగిలేది గొంతొక్కటే. అదీ వణుకుతూ వచ్చింది.

ఆ రాళ్లు ఎలా ఉంటాయంటే, రుబ్బురోలు పొత్రాలు వరసగా నేలలో నిలువునా పాతినట్టు ఉంటాయి. పైభాగం గుండ్రం, అంచుల దగ్గర సందులు, సందుల్లో మట్టి. బాట మధ్య కాస్త ఉబ్బుగా, పక్కలకు వాలుగా ఉంటుంది, నీళ్లు పోవడానికి. తొక్కాల్సింది ఆ ఉబ్బు మీదే. పక్కన సన్నటి మట్టి దారి మెత్తగా ఊరిస్తుంది కానీ గాజుపెంకులూ, కొసలు తేలిన రాళ్లూ అక్కడే ఉంటాయి. హ్యాండిల్ గట్టిగా పట్టుకుంటే మోచేతుల దాకా నొప్పి. వదులుగా పట్టుకుని, పెద్ద గేరులో బరువుగా తొక్కుతూ పోతే సైకిలు తన దారి తనే వెతుక్కుంటుంది. భయమేసి వేగం తగ్గించినకొద్దీ కుదుపు పెరుగుతుంది. బాట పక్కన పొడుగునా ఎవరెవరి సీసాలో, పంపులో, వెనక దీపాలో రాలి ఉన్నాయి.

పాడెస్ట్రాట్ అనే ఇంకో రాళ్లబాట మీద తమ్ముడి వెనక టైరు పోయింది. రాయి కొస పక్క గోడను కోసేసింది. ట్యూబ్‌లెస్ టైరే, లోపలి జిగురు ద్రవం బుసబుసమంటూ బయటికొచ్చింది గానీ ఆ కోతను పూడ్చలేకపోయింది. కాలువగట్టు మీద అందరం ఆగాం. కెప్టెన్ టైరు లోపలి నుంచి అతుకు వేసి, ట్యూబు దూర్చి, గాలి కొట్టాడు. ఈలోగా తమ్ముడు జెర్సీ వెనక జేబులోంచి ఒక పొట్లం తీశాడు. గుంటూరు నుంచి వాళ్లమ్మ పంపిన సున్నుండలు.

"ఎనర్జీ జెల్ మానెయ్ అక్కా, ఇది తిను."

మినప్పిండి, బెల్లం, నెయ్యి. ఇంత దూరం తొక్కే ఒంటికి ఇంతకన్నా ఏం కావాలి? మా కెప్టెన్ ఒకటి తిని, ఇంకోటి అడిగి జేబులో వేసుకున్నాడు. ఆ రోజు విడిది కేంద్రాల్లో వాఫుల్స్, అరటిపండ్లు, అల్లం కేకు ముక్కలు ఎన్ని పెట్టినా, మా బృందంలో మధ్యాహ్నం దాకా అందరూ అడిగింది ఆ పొట్లం మిగిలిందా అనే.

మోలెన్‌బెర్గ్, బెరెన్‌డ్రీస్, వాల్కెన్‌బెర్గ్. ఇవి గడిచిపోయాయి. చెప్పుకోవాల్సింది కొప్పెన్‌బెర్గ్ గురించి.

పొడవు 600 మీటర్లు. సగటు వాలు 11.6 శాతం, నిటారుగా ఉన్నచోట 22. రెండు పక్కలా ఎత్తైన గట్లు, మీద చెట్లు, మధ్యలో సందులాంటి దారి. ఎండ పడదు కాబట్టి రాళ్లు ఆరవు. 1976లో మొదటిసారి పందెంలో చేర్చినప్పుడు ఎడ్డీ మెర్క్స్ అంతటివాడు సైకిలు దిగి నడిచాడు. 1987లో డెన్మార్క్ ఆటగాడు యెస్పర్ స్కిబ్బి ముందుగా ఎక్కుతూ పడిపోతే, వెనక వస్తున్న అధికారుల కారు ఆగకుండా అతని సైకిలు మీంచి వెళ్లిపోయింది. అతను కాళ్లు లాక్కున్నాడు కాబట్టి బతికిపోయాడు. దాంతో ఈ గుట్టను పందెం నుంచి తీసేశారు, బాట బాగుచేశాక 2002లోనే మళ్లీ చేర్చారు.

మలుపు తిరగ్గానే ఎదురుగా మనుషుల గోడ. కొందరు తొక్కుతున్నారు, కొందరు తోస్తున్నారు. నేను అన్నిటికన్నా చిన్న గేరులో, సీటు మీంచి లేవకుండా ఎక్కడం మొదలుపెట్టాను. లేచి నిలబడితే బరువు ముందుకు పోతుంది, వెనక చక్రం పట్టు తప్పి గిర్రున తిరుగుతుంది. సగం దాటాను. ఊపిరి చెవుల్లో వినపడుతోంది. అంతలో నా ముందు తొక్కుతున్నాయన చక్రం జారింది, కాలు దించాడు. ఆయన వెనక నేను, నా వెనక ఇంకొకరు, అలా వరసగా అందరం దిగిపోయాం. 20 శాతం వాలులో, తడి రాళ్ల మీద మళ్లీ ఎక్కి తొక్కడం అయ్యే పని కాదు. పెడల్‌కు బిగించుకోవడానికి బూట్ల అడుగున ఉండే క్లీట్లు రాళ్లకు టకటక కొట్టుకుంటుంటే పై దాకా నడిచాను.

పైన మా క్లబ్బు పెద్దావిడ కూర్చుని ఉంది. రిటైరైన ఫిజిక్స్ టీచరు, వయసు అరవై దాటింది. ఎక్కడా కాలు దించకుండా మొత్తం తొక్కిందట! ఎలాగని అడిగితే చెప్పింది. కింద మలుపు దగ్గరే ఆగిపోయిందట. గుంపు పైకి పోనిచ్చి, తన ముందు ఇరవై ముప్పై మీటర్లు ఖాళీ పడ్డాకే బయల్దేరిందట. గుట్టతో పోరాడొచ్చు గానీ ముందువాడి చక్రంతో పోరాడలేం అంది. నాకు ఆ మాట బాగా పట్టింది.

స్టేన్‌బేక్‌డ్రీస్, టాయెన్‌బెర్గ్ దాటి, హోటోండ్ మీద ఎదురుగాలి తిని, ఔడె క్వారెమోంట్ చేరాం. ఇది 2.2 కిలోమీటర్లు, అందులో ఎక్కువ భాగం రాళ్లే. నిటారు తక్కువే కానీ ఎంతకీ తెగదు. ఊరి మధ్యలోంచి, బీరు గుడారాల పక్కనుంచి, రేపటి కోసం కట్టిన భారీ తెరల ముందు నుంచి పోతుంది. పనివాళ్లు కంచెలు బిగిస్తూనే "అలే, అలే" అంటూ మమ్మల్ని ఉత్సాహపరిచారు.

ఆ వెంటనే పాటెర్‌బెర్గ్. దీని కథ నాకు ఎంతో ఇష్టం. పందెం తన ఇంటి ముందు నుంచి పోవాలని ఆశపడ్డ ఒక రైతు, పొలం పక్క దారికి రాళ్లు పరిపించాడు. 1986లో పందెం నిజంగానే అటు వచ్చింది. ఇప్పుడు విజేత ఎవరో తేలేది చాలాసార్లు ఇక్కడే. 360 మీటర్లే, సగటు 12.9 శాతం, పైన 20 దాటుతుంది. కింద కుడివైపు మలుపు దగ్గర నేను ఆగాను. గుంపు పోనిచ్చాను. తమ్ముడు వెనక్కి తిరిగి "ఏమైంది అక్కా?" అన్నాడు. "నువ్వు పద" అన్నాను. ముందు ఖాళీ పడ్డాక, క్లీటు బిగించి బయల్దేరాను. మొదటి వంద మీటర్లు తొందరపడలేదు. మధ్యలో ముందు చక్రం ఒక్క క్షణం గాల్లోకి లేచింది, మోచేతులు వంచి ఛాతీ కిందకి దించాను, కూర్చుంది. ఆఖరి ముప్పై మీటర్లు తొడలు మండిపోయాయి. కంచె పక్కనున్న పిల్లలు ఏ భాషలో అరిచారో తెలీదు గానీ ఆ అరుపులే నన్ను పైకి లాగాయి. కాలు దించకుండా ఎక్కాను. పైన మావాళ్లు పదముగ్గురూ నిలబడి ఉన్నారు.

అక్కడి నుంచి ఔడెనార్డెకు 13 కిలోమీటర్లు, చదును, ఎదురుగాలి. మళ్లీ జంటలుగా బారు తీరాం. పొద్దున్నుంచీ రాళ్లు విడదీసిన బృందం తారు మీద మళ్లీ ఒక్కటైంది. సైగలు తిరిగొచ్చాయి. టీచరు గాలికి ఎదురు పోకుండా ఆవిణ్ణి మధ్యలో ఉంచుకున్నాం. ముగింపు గీత అందరం ఒకేసారి దాటాం.

రాత్రి ఫామ్‌హౌస్‌లో తమ్ముడూ నేనూ పప్పుచారు కాచి, అన్నం వండాం. చారుపొడీ, కందిపప్పూ వెంట తెచ్చుకున్నాం. పద్నాలుగు మందీ రెండోసారి వడ్డించుకున్నారు.

ఆదివారం, మార్చి 31

యూరప్ అంతటా గడియారాలు గంట ముందుకు జరిపే రాత్రి అది. అలసిన ఒళ్లకు ఒక గంట నిద్ర తగ్గింది. అయినా ఎవరూ పడుకుని ఉండిపోలేదు.

పందెం ఎక్కడ చూడాలన్న దాని మీద పొద్దున పెద్ద చర్చ. క్వారెమోంట్ దగ్గర మగవాళ్లు మూడుసార్లు కనపడతారు, తెరలుంటాయి, తిండి ఉంటుంది. కొప్పెన్‌బెర్గ్ దగ్గర ఒక్కసారే. నేను కొప్పెన్‌బెర్గ్ అన్నాను, టీచరు నా పక్షం. నిన్న మా కాళ్లకు తెలిసిన రాళ్ల మీద వాళ్లెలా పోతారో చూడాలని అందరికీ ఉంది. చివరికి అటే వెళ్లాం.

గట్టు మీద చోటు పట్టుకున్నాం. పక్కన ఒక పెద్దాయన మడత కుర్చీ, చిన్న రేడియో తెచ్చుకున్నాడు. ఆంట్‌వెర్ప్‌లో పొద్దున పదింటికి బయల్దేరిన మగవాళ్లు 270 కిలోమీటర్లు తొక్కి ఔడెనార్డె చేరాలి. వ్యాఖ్యానం మాకు అర్థం కాలేదు. పెద్దాయన వేళ్లతో చూపిస్తూ ఎవరు ముందున్నారో, ఎవరు వెనకబడ్డారో చెప్పాడు. తర్వాత వాన మొదలైంది. చెట్ల కింద మట్టి కరిగి రాళ్ల మీదికి జారింది. అంతకుముందు నిలబడి ఫోటోలు తీసుకున్న చోట చెప్పులు జారుతున్నాయి. టీచరు నా వైపు చూసి తలూపింది. ఏం జరగబోతోందో మా ఇద్దరికీ అర్థమైంది.

మూడు ప్రాంతంలో హెలికాప్టర్ చప్పుడు. పోలీసు మోటారు సైకిళ్లు. ఆ వెనక, ప్రపంచ చాంపియన్ వేసుకునే ఇంద్రధనుస్సు చారల జెర్సీలో మాథ్యూ వాన్ డెర్ పూల్. సీటు మీంచి లేవలేదు. వెనక చక్రం రెండుసార్లు జారింది, నడుము బరువుతో దాన్ని మళ్లీ రాయికి అదిమాడు. మా ముందు నుంచి పోయేటప్పుడు అతని గొలుసు చప్పుడు కూడా వినపడింది. బాట మధ్య ఉబ్బును ఒక్క చక్రం వెడల్పు కూడా తప్పలేదు.

అతని వెనక కొద్దిమంది తప్ప మిగతా పెలోటాన్, అంటే ఆటగాళ్ల గుంపు, అంతా దిగిపోయింది! ఒకరు జారారు, వెనకవాళ్లకు దారి లేకపోయింది, అంతే. ప్రపంచంలోని గొప్ప ఆటగాళ్లు సైకిళ్లు భుజానికెత్తుకునీ, తోసుకుంటూనూ నడిచారు. కార్బన్ అడుగుల బూట్లు, వాటికి క్లీట్లు, తడి రాళ్లు. అదే టకటక. ఒకతను జారి మోకాలి మీద పడి, లేచి, మళ్లీ నడిచాడు. గట్టు మీద ఎవ్వరూ నవ్వలేదు. ప్రతి ఒక్కరికీ చప్పట్లు కొట్టారు, ఆఖరి మనిషికి అందరికన్నా ఎక్కువ కొట్టారు. టీవీలో చూసి ఉంటే "అయ్యో, నడుస్తున్నారే" అనుకునేదాన్ని. ముందురోజు అదే వాలులో, అదే చోట దిగిన మనిషిని కాబట్టి వాళ్ల పిక్కల్లో ఏం జరుగుతోందో నాకు తెలుసు. ఈ పందెం చూడ్డానికి వచ్చే వాళ్లెవరైనా ముందురోజు తొక్కి తీరాలని నేను అనేది అందుకే.

వాన్ డెర్ పూల్ అక్కడి నుంచి 40 కిలోమీటర్లకు పైగా ఒంటరిగా తొక్కి గెలిచాడు. అతనికి ఇది మూడో ఫ్లాండర్స్ విజయం. అప్పటిదాకా మూడుకు మించి ఎవరూ గెలవలేదు. పెద్దాయన రేడియో ఆపేసి, నెదర్లాండ్స్ కుర్రాడే అయినా లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు.

చాలామంది గుడారాల వైపు కదిలారు. మేం కదల్లేదు. ఆడవాళ్ల పందెం వెనకే వస్తోంది. 2004 నుంచి అదీ జరుగుతోంది. అప్పటికి బురద ఇంకా చిక్కబడింది. వాళ్లలోనూ చాలామంది దిగి నడవాల్సి వచ్చింది. చివరికి ముగ్గురే ముగింపు గీత దాకా కలిసి పోయారు, వాళ్లలో ఇటలీకి చెందిన ఎలీసా లోంగో బోర్గీని పోలండ్ ఆటగత్తె కాషా న్యెవ్యాదోమాను దాటి గెలిచింది. 2015లో ఒకసారి గెలిచి, తొమ్మిదేళ్లకు మళ్లీ! ఫోన్‌లో ఆ ఆఖరి వంద మీటర్లు చూస్తూ టీచరు నా భుజం గట్టిగా పట్టుకుంది.

సోమవారం, ఏప్రిల్ 1

తిరుగు ప్రయాణానికి ముందు ఒకటి మిగిలింది. గెరార్డ్స్‌బెర్గెన్ ఊళ్లోని మ్యూర్. గుట్ట కొసన చిన్న ప్రార్థనామందిరం, దాని చుట్టూ తిరిగే రాళ్లబాట. ఏళ్ల తరబడి పందెం తలరాత అక్కడే తేలేది. 2012లో ముగింపు ఔడెనార్డెకు మారి మ్యూర్‌ను దారిలోంచి తీసేస్తున్నారని తెలిసినప్పుడు, అభిమానులు ఆ గుట్టకు శవయాత్ర చేసి నిరసన తెలిపారు. వ్యాన్లు ఊరి చివర ఆపి, సైకిళ్లు దించాం.

పందెం అయిపోయింది కాబట్టి బాట ఖాళీ. ఎవర్నీ దాటాల్సిన పని లేదు, ఎవరూ అడ్డం లేరు. కెప్టెన్ ఒక మాట అన్నాడు: ఈ ఒక్క గుట్టా అందరం ఒకే వేగంతో, ఆఖరి మనిషి వేగంతో ఎక్కుదాం. అలాగే ఎక్కాం. 20 శాతానికి దగ్గరపడే వాలులో నెమ్మదిగా తొక్కడం మరీ కష్టం, సైకిలు నిలవదు. అయినా ఎవరూ తొందరపడలేదు. తమ్ముడు టీచరు పక్కనే తొక్కుతూ, గేరు గురించి ఏదో చెబుతూ పైకి వచ్చాడు. ఒక్కరూ కాలు దించలేదు.

కిందికొచ్చి మాటెన్‌టార్టులు కొన్నాం. పాలు మజ్జిగతో విరగ్గొట్టి, ఆ విరుగుడులో గుడ్డు, బాదం కలిపి, పొరల పిండిలో పెట్టి కాలుస్తారు. ఆ పేరుతో అమ్మాలంటే ఈ చుట్టుపక్కల ఊళ్లలోనే చెయ్యాలని యూరోపియన్ యూనియన్ రక్షణ ఉంది. గుడ్డు ఉంటుంది కాబట్టి తమ్ముడు ముట్టలేదు, తన వాటా నాకిచ్చాడు. అంత తీపి ఉండదు, జున్ను ఇష్టమైన వాళ్లకు నచ్చుతుంది.

కలే దగ్గర మళ్లీ బారు. ఆగిన వ్యానులోనే కెప్టెన్ కాగితం తీసి, వచ్చే ఏడాదికి పేర్లు రాసుకోవడం మొదలుపెట్టాడు. తమ్ముడు పెద్ద దూరం కింద తన పేరు రాయించుకున్నాడు. నేను మధ్యరకం కిందే రాయించుకున్నాను, కొప్పెన్‌బెర్గ్ అందులోనే ఉంది. వీసా అపాయింట్‌మెంటు కోసం సెప్టెంబరు ఆఖర్లోనే వెతకడం మొదలుపెట్టాలని ఇద్దరం అక్కడే అనుకున్నాం.